ఆరు గంటల ఔటింగ్

‘ఆదివారం వాడికి ఔటింగ్ ఇచ్చారు. నువ్వూ వస్తావా?’ అని మా వదిన ఫోన్ చేసింది.

ఔటింగ్ అనే మాటకి మన ఇళ్ళల్లో అర్థం ఎప్పుడు మారిపోయిందో గమనించారా? నరసరావుపేటలో మేం చదువుకునే రోజుల్లో ఇంటిల్లిపాదీ టిఫిన్ క్యారియర్ పట్టుకుని కోటప్పకొండ బస్సెక్కితే అది ఔటింగ్. ఇప్పుడు, హాస్టల్లో ఉన్న పిల్లాణ్ని నెలకోసారి కన్నవాళ్ళకి కాసేపు అప్పగిస్తే అది ఔటింగ్. ‘ఇచ్చారు’ అన్న మాట చూడండి. రేషన్ కొట్లో కందిపప్పు ఇచ్చారన్నట్టు!

మా మేనల్లుడు ఇంటర్ మొదటి సంవత్సరం. గుంటూరు వైపు ఓ రెసిడెన్షియల్ కాలేజీ. పొద్దున పదింటికి సంతకం పెట్టి తీసుకెళ్ళాలి, సాయంత్రం నాలుగింటికి సంతకం పెట్టి అప్పగించాలి. ఆలస్యమైతే వచ్చే నెల ఔటింగ్ గోవిందా. అంటే అమ్మానాన్నల చేతికి వచ్చేది ఆరు గంటలు. అందులో ఏం చేయాలా అని మా అన్నయ్యా వదినా నెలంతా ఆలోచిస్తారు. మొదటి నెల షాపింగ్ మాల్, బిర్యానీ. రెండో నెల సినిమా, బిర్యానీ. మూడో నెల వాడు కారెక్కగానే పడుకున్నాడు. బిర్యానీ దగ్గర లేపితే నాలుగు ముద్దలు తిని మళ్ళీ పడుకున్నాడు. నిద్ర లేపడానికి మనసొప్పక అన్నయ్య ఆ కారుని చెట్టు కింద పెట్టి, నాలుగయ్యేదాకా స్టీరింగ్ ముందే కూర్చున్నాడట. మా వదిన ఈ సంగతి చెప్తూ ఏడ్చేసింది. ‘ఏం తింటావురా అంటే ఏదైనా అంటాడు. ఎక్కడికి పోదాం అంటే ఎక్కడికైనా అంటాడు. ఇదివరకు వాడిట్లా ఉండేవాడా?’

ఉండేవాడు కాదు. ఇదివరకు వాడి నోరు మూయించడం మా వల్ల అయ్యేది కాదు, ముఖ్యంగా రాళ్ళ గురించి.

అవును, రాళ్ళే. పల్నాట్లో పుట్టినవాడికి రాళ్ళకి కొదవేముంది? శ్రీనాథుడి పేరు మీద చెలామణి అయ్యే చాటువుల్లో ఈ సీమలో రాళ్ళూ జొన్నకూడూ తప్ప ఇంకేం ఉన్నాయని విసుక్కోవడం మీరూ వినే ఉంటారు. ఆయన విసుక్కున్న రాళ్ళనే మావాడు అయిదో తరగతి నుంచీ బోర్న్‌విటా డబ్బాలో దాచేవాడు. పిడుగురాళ్ల వెళ్తే సున్నపురాయి. మాచర్ల వెళ్తే నాపరాయి ముక్క. కృష్ణ ఒడ్డుకి వెళ్తే గుండ్రాళ్ళు. డబ్బా నిండితే ఇంకో డబ్బా. వాడు హాస్టల్‌కి వెళ్ళాక ఆ డబ్బాలు అటక మీదికి ఎక్కాయి.

హాబీ అంటే ఇదీ అని నాకు అనిపిస్తుంది. నేను జర్నలిజం డిప్లొమాకి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు ‘మీ హాబీలేంటి?’ అని అడిగితే ‘పుస్తక పఠనం, స్టాంపుల సేకరణ’ అని గడగడా అప్పజెప్పాను. ‘మీ దగ్గరున్న వాటిలో మీకు బాగా నచ్చిన స్టాంపు ఏది?’ అన్నారు ఎదురుగా ఉన్న పెద్దాయన. నా దగ్గర ఒక్క స్టాంపు ఉంటే కదా! బయోడేటాలో రాసుకునే హాబీలు వేరు. నిజం హాబీలు చెప్పుకోవడానికి కాస్త సిగ్గేస్తుంది. ‘రాళ్ళేరుకుంటాను’ అని ఏ ఇంటర్వ్యూలో చెప్తాం?

మా నాన్నదీ అలాంటి వ్యవహారమే. ఆయన ఎన్నెస్పీ కాల్వల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి 2009లో రిటైరయ్యారు. అదే ఏడాది అక్టోబరులో కృష్ణకి పెద్ద వరదొచ్చి కర్నూలు మునిగింది. ఆ వారంలో ఒకరోజు పేపర్లో వచ్చిన సాగర్ నీటిమట్టం చూసి ఓ పాత డైరీలో రాసుకున్నారు. మర్నాడూ రాశారు. అంతే, ఇప్పటికి పదహారేళ్ళు. రోజూ కాఫీ తాగుతూ పేపర్లో ఆ అంకె వెతికి ఎక్కించడమే. నిండు మట్టం 590 అడుగులు. అక్కడికి ఎన్ని అడుగుల దూరంలో ఉందో పక్కన ఎర్ర సిరాతో రాస్తారు. వానలు మొహం చాటేసిన 2023 పేజీలు తిప్పుతుంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనప్పటి జ్వరం చార్టు చూసినట్టే ఉంటుంది. ‘ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఉంటాయి నాన్నా’ అని ఓసారి అన్నాను. ‘ఉంటే ఉండనీ. నేను రాసింది అందులో ఉంటుందా?’ అన్నారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

2025లో జులై నెలాఖరుకే సాగర్ గేట్లు ఎత్తారు. అంత ముందుగా ఎత్తడం తన పుస్తకంలో లేనే లేదని నాన్న సంబరపడిపోయారు. గేట్లు ఎత్తితే తీసుకెళ్తానని మనవడికి ఎప్పుడో మాట ఇచ్చి ఉన్నారు. 26 గేట్లున్న డ్యాం మీంచి నీళ్ళు దూకుతుంటే చూడటానికి హైదరాబాదు నుంచి కూడా జనం వచ్చారు. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మావాడు మాత్రం వీక్లీ టెస్టు రాస్తున్నాడు. ఆయన ఏమీ అనలేదు. పుస్తకంలో ఆ రోజు అంకె వేసి మూసేశారు.

ఇదంతా తెలుసు కాబట్టే వదిన ఫోన్ చేసినప్పుడు ‘నాన్నని కూడా తీసుకెళ్దాం. మాల్ వద్దు, కొండవీడు పోదాం’ అన్నాను. ఆరు గంటల్లో సాగర్ వెళ్ళి రాలేం. గుంటూరు నుంచి కొండవీడైతే ముప్పావుగంటే. ఘాట్‌రోడ్డు వేశాక కార్లు పైదాకా పోతున్నాయి కాబట్టి డెబ్భై నాలుగేళ్ళ నాన్న మోకాళ్ళకీ ఇబ్బంది లేదు. ‘రాళ్ళు తప్ప ఏముంటాయక్కడ?’ అంది వదిన. అనేసి తనే నవ్వింది. శనివారం రాత్రి అన్నయ్య అటకెక్కాడు.

పోయిన అక్టోబరులో ఓ ఆదివారం. అమ్మ పులిహోర కలిపింది, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసింది, ఆవకాయ వేరే సీసాలో పెట్టింది. స్టీలు గ్లాసులు, పాత దుప్పటి, నాలుగు విస్తళ్ళు ఎక్కువే. చంటిదానికి, అంటే వాడి చెల్లెలికి, ఎనిమిదేళ్ళు. పదింటికి కాలేజీ గేటు దగ్గర వాడు కారెక్కాడు. తాతయ్యని చూసి కాస్త సర్దుకుని కూర్చున్నాడు. ‘ఎక్కడికి?’ అని అడిగాడు. అడిగినందుకే వదిన మొహం విప్పారింది.

కొండవీడు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. అద్దంకి నుంచి రెడ్డి రాజులు రాజధానిని ఇక్కడికి మార్చింది అనవోతారెడ్డి కాలంలో, పద్నాలుగో శతాబ్దం నడుమ. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటని గెలుచుకున్నాడు. ఈ రెండిటి నడుమ వచ్చిన కుమారగిరిరెడ్డి అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. చరిత్రలో రాజులకి వీరుడనీ గండడనీ బిరుదులుంటే ఈయనకి ‘వసంతరాయ’ అని బిరుదు. ఏటా వసంతోత్సవాలు చేసేవాడట. వాటికి కావలసిన కర్పూరం, కస్తూరి లాంటి సుగంధ ద్రవ్యాలు ఓడల మీద దూరదేశాల నుంచి తెప్పించి ఇచ్చినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఈ సెట్టిగారికే. యుద్ధాల మధ్యలోనే ఏడాదికోసారి రంగులకీ పాటలకీ ఆటలకీ తీరిక చేసుకున్న రాజు! ఇది చెప్తే మా అన్నయ్య ‘ఆయనకి నీట్ ఎగ్జాం లేదు కదా’ అన్నాడు.

పైన మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వేదుళ్ళ చెరువు. కొండ మీద కోటకి నీళ్ళెలా అనుకునేవాళ్ళకి జవాబు అవే. వర్షాకాలం చివర కాబట్టి నిండుగా ఉన్నాయి. గట్టు పక్కన చెట్టు కింద దుప్పటి పరిచాం. నాన్న చెరువు కేసి చూసి ‘దీనికి తూము ఎక్కడ పెట్టారో’ అని లేచారు. ఉద్యోగం పోయినా కళ్ళు పోవు కదా. చంటిదేమో ‘రాజుగారి బాత్‌రూం ఎక్కడ?’ అని పట్టుకుంది. వాళ్ళ నాన్న చేయి పట్టుకుని ఆ గోడలన్నీ వెతికింది.

మావాడు మాత్రం గట్టు మీద కూర్చున్నాడు. ఫోన్ ఇస్తే తీసుకున్నాడు, కాసేపు చూశాడు, ఇచ్చేశాడు. నేను పలకరించబోతే అమ్మ కళ్ళతో వద్దంది. పదిహేను నిమిషాలో, ఇరవయ్యో, ఎవరం ఏమీ అడగలేదు. నిజానికి అదే కష్టం అండీ. ఆరు గంటలే ఉన్నాయనేసరికి ప్రతి నిమిషంలోనూ ఏదో ఒకటి కూరాలనిపిస్తుంది. బాగా చదువుతున్నావా, బాగా తింటున్నావా, ర్యాంకెంత, దగ్గు తగ్గిందా. పాపం పిల్లాడికి అదీ ఒక వీక్లీ టెస్టే.

కోట గోడ పక్కన పడున్న చిన్న రాయిని వాడు కాలితో దొర్లించాడు. తర్వాత వంగి తీశాడు. తిప్పి చూశాడు.

‘ఇది మన నాపరాయి కాదు తాతయ్యా. పొరలుగా రాదు’ అన్నాడు.

నాన్న చెరువు వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నారు. ‘మనవైపు రాయి పొరలెందుకుంటుందంటావు?’

అంతే. తలుపు గడియ తీసినట్టయింది. పల్నాడు అంతా ఒకప్పుడు సముద్రం కింద ఉండేదనీ, అడుగున బురద ఏటేటా పొరల్లా పేరుకుని గట్టిపడి సున్నపురాయి అయిందనీ, అందుకే దాచేపల్లి, మాచర్ల వైపు క్వారీల్లో ఉలి పెట్టి కొడితే పలకలు పలకలుగా లేస్తుందనీ, అది యాభై కోట్ల ఏళ్ళకి పైబడిన రాయనీ వాడు చెప్తూ పోయాడు. మన ఇళ్ళల్లో నేలకి పరుచుకున్న నాపరాళ్ళ సంగతే ఇది. ఆ వంటింటి బండల మీద అక్కడక్కడా చెట్టుకొమ్మల్లా నల్లటి ముద్రలుంటాయి చూశారా? అవి ఆకులు అచ్చుపడినవేనని నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. ‘కాదత్తా. మొక్కా కాదు, ఏమీ కాదు. రాతి నెర్రెల్లోకి నీళ్ళతోపాటు మాంగనీసు ఇంకి అట్లా కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది’ అన్నాడు. నలభైకి దగ్గర పడుతున్నాను, వంటింట్లో రోజూ తొక్కే రాయి గురించి ఆ రోజు తెలిసింది.

అప్పుడు నాన్న అన్నారు, ‘మన సాగర్ డ్యాం కూడా రాయేరా.’

వాడు నమ్మలేదు. డ్యాం అంటే సిమెంటు కాంక్రీటు కదా అన్నాడు. నాన్న దుప్పటి మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక, నడిమి డ్యాం మొత్తం రాళ్ళు పేర్చి కట్టారనీ, ఇంత ఎత్తు రాతి కట్టడం ప్రపంచంలో అరుదనీ, 124 మీటర్ల ఎత్తుకి ఆ రాళ్ళని చాలావరకు మనుషులే మోశారనీ చెప్పారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకి నీళ్ళు వదిలిన రోజు ఆయనకి పదహారేళ్ళు, సరిగ్గా ఇప్పుడు మనవడికున్నన్ని. ఆ తర్వాత వాళ్ళ ఊరి చేలోకి మొదటిసారి కాల్వ నీళ్ళొచ్చినప్పుడు మా తాతయ్య ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నారట. ఈ మాట నాకూ అన్నయ్యకీ కూడా ఎప్పుడూ చెప్పలేదు. మేం ఎప్పుడైనా అడిగితే కదా.

నాన్న సంచీలోంచి పుస్తకం తీశారు. వాడు పేజీలు తిప్పాడు. 2009 నుంచి నిన్నటిదాకా. ‘దీన్ని గ్రాఫ్ గీస్తే ఎట్లా ఉంటుందో తాతయ్యా’ అన్నాడు. విస్తరి మీద పులిహోర చల్లారిపోతోంది. వదిన ఇద్దరికీ ముద్దలు కలిపి చేతిలో పెట్టింది. మూడో ముద్దకి కూడా వాడు వద్దనలేదు.

ఇది చదివి ‘బాగానే ఉంది, మరి మాకేది దారి?’ అనుకునేవాళ్ళు ఉంటారు. మన దగ్గర చోట్లకేం తక్కువ? చిన్న పిల్లలుంటే కోటప్పకొండే మేలు. నరసరావుపేట నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. శివరాత్రి జనంలో కాకుండా మామూలు ఆదివారం వెళ్ళండి. ప్రభల రోజున ఎలాగూ అందరం వెళ్తాం, కానీ ఆ రోజు మనకి ప్రభలు కనిపిస్తాయి తప్ప కొండ కనపడదు. గుడి కట్టడాలు ఇష్టమైనవాళ్ళకి నకరికల్లు మండలంలోని చేజర్ల. శిబి చక్రవర్తి పావురం కథ ముడిపడిన కపోతేశ్వరాలయం అక్కడే ఉంది. వెనకవైపు ఏనుగు వీపులా గుండ్రంగా ఉన్న ఆ గర్భగుడి ఒకప్పుడు బౌద్ధ చైత్యమని పండితుల మాట. అంత పాత కట్టడం ఇంటి పక్కన పెట్టుకుని మనం మహాబలిపురం టిక్కెట్లు తీస్తుంటాం. నేనూ తీశాను, దాచేదేముంది.

పూర్తి రోజు చేతిలో ఉంటే మాచర్ల మీదుగా సాగర్ దారి పట్టండి. దారిలోనే ఎత్తిపోతల. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు. కింద మడుగులో మొసళ్ళున్నాయి. కాబట్టి చూసేచోట నిలబడే చూడాలి, సెల్ఫీ కోసం అంచుకి పోకూడదు. కుడి కాల్వలో ఈతకీ అంతే, లైనింగ్ నున్నగా ఉంటుంది, దిగినంత తేలిక కాదు ఎక్కడం. నాన్న ఉద్యోగంలో చూసినవాటిలో పుస్తకానికెక్కించనివి అవే. అక్కణ్నుంచి విజయపురి సౌత్. లాంచీ నడుస్తోందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీ లేకపోయినా దిగులు పడొద్దు. జలాశయం నిండేలోపు ఇక్ష్వాకుల నాటి విజయపురి కట్టడాల్లో కొన్నిటిని విప్పి తెచ్చి అనుపులో మళ్ళీ నిలబెట్టారు. మెట్ల మెట్ల రంగస్థలం అక్కడే ఉంది. పదిహేడు వందల ఏళ్ళ నాటి మెట్ల మీద కూర్చుని చేగోడీలు తింటే వచ్చే ఆనందం ఏ ఫుడ్‌కోర్టులోనూ దొరకదని నా గట్టి నమ్మకం. కాకపోతే కాగితాలు అక్కడ పారేయకండి. ఎండాకాలం మాత్రం ఈ దారి వద్దు. మధ్యలో రెంటచింతల ఉందని మర్చిపోతే అదే గుర్తు చేస్తుంది.

మళ్ళీ కొండవీడుకి. రెండున్నర నుంచీ వదిన గడియారం చూసుకుంటూనే ఉంది. దుప్పటి మడిచాం. చంటిదానికి రాజుగారి బాత్‌రూం దొరకలేదు గానీ పాము కుబుసం దొరికింది, అందుకే ఏడవకుండా కారెక్కింది. కింద రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు. కొండవీడు సీతాఫలం అంటే మనవైపు అడగక్కర్లేదు. అన్నయ్య బేరమాడకుండా కొన్నాడు, ఇది కూడా రాయదగ్గ విశేషమే. కార్లో గింజలు ఎవరి దోసిట్లో వాళ్ళు ఊసుకుంటూ వచ్చాం. వాడు తాతయ్య పక్కన కూర్చుని ఏదో లెక్కేస్తున్నాడు. నిద్రపోలేదు.

కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి నాలుగుకి అయిదు నిమిషాలు. అప్పుడు బయటపెట్టాడు అన్నయ్య, అటక మీంచి తీసి డిక్కీలో పెట్టుకొచ్చిన డబ్బా. పొద్దున్నుంచీ ఎందుకివ్వలేదంటే, ‘వాడికి ఇంకా ఇష్టమో లేదో తెలీక’ అన్నాడు. పదహారేళ్ళ కొడుకు ముందు తండ్రి అంత బెరుగ్గా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. వాడు మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేశాడు. ‘లోపలికి తీసుకెళ్ళనివ్వరు నాన్నా. ఇంట్లోనే ఉంచు. అటక మీద వద్దు’ అన్నాడు. జేబులోంచి కొండవీటి రాయి తీసి అందులో వేయబోయి, ఆగి, మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ సంచీ వెతికాడు. ఫోన్ లేదు, ఫర్వాలేదు. సీతాఫలాలు రెండు, ఫర్వాలేదు. జేబు తడిమి రాయి బయటికి తీశాడు. ‘ఇదేంటి?’

‘రాయి’ అన్నాడు మావాడు.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. చేత్తో బరువు చూశాడు. ‘మావైపు రాయిలా లేదే’ అని తిరిగి ఇచ్చేశాడు. ఇద్దరూ అక్కడే నిలబడి ఏదో మాట్లాడుకోవడం మాకు కారులోంచి కనిపించింది. నాలుగు దాటి మూడు నిమిషాలైంది. వదిన ఈసారి గడియారం చూడలేదు.

వచ్చే నెల ఔటింగ్‌కి ఎక్కడికో వాడే చెప్తానన్నాడట. ఈలోపు నాన్న కొత్త నోట్‌బుక్కూ గ్రాఫ్ పేపర్లూ కొనుక్కొచ్చారు.